ఏకలవ్యుడి ఎంబీఏ: పోస్టు కవరు నుంచి ఫోను తెర దాకా (మన చదువుల చరిత్ర – 14)



హాస్టళ్ళ గురించి రాసిన పోయిన భాగం చివర, ఈసారి స్కాలర్‌షిప్పుల కథ చెప్తానన్నాను. దాన్ని ఒక వారం వెనక్కి జరుపుతున్నాను. ఒక చెల్లెలు పెట్టిన మెసేజీ దీనికి కారణం. మేడ్చల్ వైపు ఒక గోడౌన్‌లో బిల్లింగ్ పని చేస్తుంది. బీకాం చదివింది. "అన్నా, ఆన్‌లైన్‌లో ఎంబీఏ చేద్దామనుకుంటున్నా. లక్షా అరవై వేలంట. నెలనెలా కట్టుకోవచ్చంట. పది రోజుల నుంచి రోజూ ఫోన్ చేస్తున్నారు. రేపటితో డిస్కౌంటు అయిపోతదంట. కట్టమంటావా?" అని అడిగింది.

"వారం ఆగమ్మా" అన్నాను. రేపటితో అయిపోయే డిస్కౌంటు ఎల్లుండి కూడా ఉంటుందని ఫోన్లు ఎత్తినవాళ్ళందరికీ తెలుసు. ఆ వారంలో ఆమెకు జవాబు చెప్పడానికి రాసుకున్నదే ఈ భాగం. అవునో కాదో ఒక్క మాటలో చెప్పొచ్చు కదా అనకండి. వ్యాపార చదువు, అదీ ఇంట్లో కూర్చుని చదివే వ్యాపార చదువు, మన గుమ్మం దాకా ఎట్లా వచ్చిందో తెలియకుండా దాని ధర ఎంతో చెప్పలేం.

దూరవిద్య అనగానే మనవాళ్ళు ఏకలవ్యుణ్ణి గుర్తు చేస్తారు. గురువు దగ్గర కూర్చోనివ్వలేదు కాబట్టి బొమ్మ పెట్టుకుని నేర్చుకున్నాడు, తొలి దూరవిద్యార్థి అతనే అని. సభల్లో ఈ మాటకు చప్పట్లు బాగా పడతాయి. నేనూ అన్నాను ఒకప్పుడు. కానీ ఆ కథలో మనం త్వరగా దాటేసే ముక్క ఒకటుంది. ద్రోణుడు ఒక్క పాఠమూ చెప్పలేదు, ఫీజు మాత్రం పూర్తిగా వసూలు చేశాడు. ఈ ముక్క మళ్ళీ అవసరమవుతుంది.

ముందు లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉండేదో చూద్దాం. చదువు మనకు నిషేధమని అందరికీ తెలుసు. సంపాదన కూడా నిషేధమని రాసిపెట్టారన్నది తక్కువమందికి తెలుసు. శక్తి ఉన్నా సరే శూద్రుడు ధనం కూడబెట్టకూడదని మనుస్మృతి పదో అధ్యాయంలోనే ఉంది. శూద్రుడికే ఆ గతి అయితే ఊరి బయట ఉన్నవాడి సంగతి చెప్పక్కర్లేదు. పుస్తకంలో ఉన్నది ఊళ్ళోకి ఎట్లా వచ్చిందంటే, మన ఊళ్ళలో లెక్క రాసేవాడు కరణం. అది ఉద్యోగం కాదు, వంశహక్కు. ఎవరి భూమి ఎంత, ఎవరి శిస్తు ఎంత, ఎవరి పేరు ఏ కాగితంలో ఉందో ఆయన చెప్పిందే లెక్క. షావుకారు అప్పు పుస్తకం ఇంకోటి. వడ్డీ మీద వడ్డీ ఎట్లా పెరుగుతుందో మన తాతలకు బతుకులో తెలుసు, కాగితం మీద తెలియదు. వేలిముద్ర వేసేవాడికీ లెక్క రాసేవాడికీ మధ్య ఉన్న దూరమే వెలివాడకూ ఊరికీ మధ్య ఉన్న దూరం. ఈ కరణం వ్యవస్థ ఆంధ్రప్రదేశ్‌లో 1984 దాకా నడిచింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం రద్దు చేసింది. నిన్నగాక మొన్నటి మాట ఇది. ఈ పోస్టు చదివేవాళ్ళలో కొందరి నాన్నలు కరణం అరుగు కింద నిలబడ్డవాళ్ళే.

ఇంగ్లీషువాళ్ళ కాలంలో లెక్క రాయడం కులం నుంచి కాస్త జారి కాలేజీకి వచ్చింది. మద్రాసులో పచ్చయ్యప్ప ట్రస్టువాళ్ళు 1886లో కామర్స్ బడి పెట్టారు. బొంబాయిలో సిడెన్‌హామ్ కామర్స్ కాలేజీ 1913లో మొదలైంది. ఈ సిడెన్‌హామ్ పేరు దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మన కథ అక్కడికి వస్తుంది.

బాబాసాహెబ్‌ని మనం రాజ్యాంగం దగ్గర ఎక్కువగా చూస్తాం. ఆయన అసలు చదువు డబ్బు గురించి. కొలంబియాలో అర్థశాస్త్రం. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో 1923లో డీఎస్సీ, అదీ రూపాయి సమస్య మీద. ఇంత చదువు పూర్తికాక ముందే, లండన్ నుంచి తిరిగొచ్చి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్ళాడు. అక్కడ ఆయనకు ఉండడానికి ఇల్లు దొరకని కథ మీకు తెలిసిందే. ఆ తర్వాతది చాలామంది చదవరు. బొంబాయి తిరిగొచ్చి బతుకుతెరువు కోసం ఒక చిన్న కంపెనీ పెట్టాడు. షేర్లు, స్టాకుల్లో డబ్బు పెట్టేవాళ్ళకు సలహా ఇచ్చే కంపెనీ. ఇవాళ్టి భాషలో ఇన్వెస్ట్‌మెంట్ కన్సల్టెన్సీ. మొదట్లో జనం వచ్చారు, సలహాలు నచ్చాయి. సలహా ఇస్తున్న మనిషి అంటరానివాడని తెలిశాక రావడం మానేశారు. కంపెనీ మూతపడింది.

ఈ సంఘటనను నేను చాలాసార్లు తలుచుకున్నాను. వాళ్ళు ఆయన నీళ్ళు తాగలేదు, ఆయనతో అన్నం తినలేదు. కాగితం మీద రాసిన లెక్క తీసుకుని లాభం పొందాలంతే. ఆ లాభం కూడా వద్దనుకున్నారు. మార్కెట్‌కు కులం తెలియదు, దానికి లాభం ఒక్కటే తెలుసు అని చెప్పే ప్రొఫెసర్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ క్లాసులో కూర్చున్నప్పుడు ఈ కథ గుర్తుపెట్టుకోండి.

1918 నవంబర్‌లో ఆయన సిడెన్‌హామ్‌లో రాజకీయ అర్థశాస్త్రం ప్రొఫెసర్‌గా చేరాడు. పాఠం బాగుందని బయటి కాలేజీల పిల్లలు కూడా వచ్చి కూర్చునేవారు. స్టాఫ్ రూములో నీళ్ళకుండ మాత్రం ఆయన ముట్టుకోకూడదని సాటి ప్రొఫెసర్లలో కొందరు అడ్డుపడ్డారు. వ్యాపారశాస్త్రం చెప్పే కాలేజీ అది. తర్వాత 1925 నుంచి 1928 దాకా, హైకోర్టు ప్రాక్టీసు కడుపు నింపని రోజుల్లో, బాట్లీబాయ్ అకౌంటెన్సీ ఇన్‌స్టిట్యూట్‌లో పార్ట్‌టైమ్‌గా వ్యాపార చట్టం పాఠం చెప్పాడు. అంటే బాబాసాహెబ్ కామర్స్ విద్యార్థులకు ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పిన పంతులు. మన బీకాం పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఆయన చేతికి సొంత సంస్థ వచ్చినప్పుడు ఏం చేశాడో కూడా చూడాలి. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టాడు. 1946 జూన్‌లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచాడు, మిలిటరీ వాళ్ళు ఖాళీ చేసిన షెడ్లలో. క్లాసులు పొద్దున్నే పెట్టించాడు. పదింటికల్లా ఆఫీసులకు, మిల్లులకు పోయే పిల్లలు చదువుకోవాలంటే తెల్లవారుజామునే పాఠం అయిపోవాలి. 1953లో అదే సొసైటీ కామర్స్ కాలేజీ కూడా పెట్టింది. పనిచేసేవాడు పని మానకుండా చదవాలన్న ఆలోచనకు మన దగ్గర ఇదీ మూలం. తెలుగు నేల మీద భాగ్యరెడ్డి వర్మ లాంటివాళ్ళు నడిపిన ఆది హిందూ బడులు, వాడల్లో లాంతరు పెట్టుకుని నడిపిన రాత్రి బడులు ఇంకా ముందువి. వాటి గురించి మూడో భాగంలో రాశాను కాబట్టి ఇక్కడ ఆపుతాను.

ఇక దూరం సంగతి. లండన్ యూనివర్సిటీ 1858లోనే కాలేజీకి రాకుండా పరీక్ష రాసి డిగ్రీ తీసుకోవచ్చని తలుపు తెరిచింది. మన దేశంలో ఢిల్లీ యూనివర్సిటీ 1962లో కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. ఆంధ్రా యూనివర్సిటీ 1972లో, ఉస్మానియా 1977లో. వీటిలో ఇంటర్ పాసై పైకి పోలేకపోయిన గుమాస్తాలు, టీచర్లు చేరేవారు. పోస్టులో పాఠాలు వచ్చేవి, ఏడాది చివర పరీక్ష. మేలు జరిగింది, కాదనను. అయితే గుమ్మం మాత్రం పాతదే. ఇంటర్ లేకపోతే లోపలికి రానివ్వరు.

గుమ్మాన్ని మార్చింది హైదరాబాద్. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. తొలి వైస్ చాన్సలర్ ప్రొఫెసర్ జి. రామ్‌రెడ్డి. కరీంనగర్ జిల్లా మనిషి, పంచాయతీరాజ్ మీద పని చేసిన రాజనీతి శాస్త్రవేత్త, అంతకు ముందు ఉస్మానియా వీసీ. నేను రెడ్లను ఊరికే పొగడనని ఈ పేజీ చదివేవాళ్ళకు తెలుసు. ఈయనకు మాత్రం ఇవ్వాల్సింది ఇవ్వాలి. ఇంగ్లండులో 1969లో పెట్టిన ఓపెన్ యూనివర్సిటీ నమూనా తీసుకుని ఇక్కడ రెండు పనులు చేశారు. ఒకటి, ఏ సర్టిఫికెట్టూ లేకపోయినా వయసు నిండితే చాలు, ఒక అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరొచ్చన్నారు. రెండు, పుస్తకాలు తెలుగులో రాయించారు. ఆదివారం ఆదివారం ప్రభుత్వ కాలేజీల్లో క్లాసులు, రేడియోలో పాఠాలు.

అర్హత పరీక్ష అంటే ఏమిటో బయటివాళ్ళకు అర్థం కాదు. ఏడో తరగతిలో జీతానికి పెట్టబడినవాడు, పదిలో లెక్కలు పోయి హోటల్లో చేరినవాడు, పెళ్ళి చేసి పంపేసిన ఆడపిల్ల, వీళ్ళందరికీ మళ్ళీ ఏడో తరగతికి పోనక్కర్లేదని ఒక యూనివర్సిటీ చెప్పింది. మా చిన్నాయన బస్సు డిపోలో మెకానిక్. పదో తరగతి దాటలేదు. ముప్పై నాలుగేళ్ళకు ఆ పరీక్ష రాసి బీఏలో చేరాడు. ఆదివారం పొద్దున గ్రీజు పోయేదాకా చేతులు కిరోసిన్‌తో తుడుచుకుని, తెల్ల చొక్కా వేసుకుని స్టడీ సెంటర్‌కు పోయేవాడు. చిన్నమ్మ నవ్వేది, పెళ్ళికొడుకులాగా పోతున్నావని. డిగ్రీ వచ్చాక ప్రమోషన్ రాలేదు. డిపోలో ఎవరైనా సూపర్‌వైజర్ తన పేరు చివర 'గాడు' తగిలిస్తే "డిగ్రీ ఉంది సార్ నాకు" అనేవాడు. అంతమాత్రానికే అయిదేళ్ళు చదివాడా అంటే, అవును, అంతమాత్రానికే.

ఆ యూనివర్సిటీ పుస్తకాలకు ఇంకో జీవితం కూడా ఉంది. గ్రూప్స్‌కు చదివే పిల్లలు అశోక్‌నగర్ గదుల్లో తెలుగు అకాడమీ పుస్తకాల పక్కన పెట్టుకునేవి ఇవే. అందులో చేరనివాళ్ళు కూడా అందులో చదువుకున్నారు.

1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఇక్కడ ఒక్క చిన్న చేదు మాట. అదే కాలంలో మరాఠ్వాడా యూనివర్సిటీకి ఆ పేరు పెట్టమని 1978లో మొదలైన పోరాటం 1994 జనవరి దాకా సాగింది. మనవాళ్ళ ఇళ్ళు తగలబెట్టారు, మనుషుల్ని చంపారు. హైదరాబాద్‌లో ఓపెన్ యూనివర్సిటీకి పెడితే ఎవరికీ నొప్పి కలగలేదు. బయట ఉండి చదివేవాళ్ళ యూనివర్సిటీకి బయట ఉంచబడ్డవాడి పేరు సరిపోతుందనుకున్నారేమో. ఇది నా అనుమానం మాత్రమే, చరిత్ర అని కోట్ చేయకండి.

ఇప్పుడు వ్యాపార చదువు దగ్గరికి వద్దాం. రామ్‌రెడ్డి గారు 1985లో ఢిల్లీ వెళ్ళి ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, అదే మన ఇగ్నోకు, తొలి వీసీ అయ్యారు. 1987లో ఇగ్నో పాఠం మొదలుపెట్టినప్పుడు కోర్సులు రెండే. దూరవిద్యలో డిప్లొమా ఒకటి, మేనేజ్‌మెంట్‌లో డిప్లొమా ఒకటి. చేరినవాళ్ళు 4,528 మంది. దేశమంతటి పేదవాళ్ళ కోసం అని చట్టం చేసిన యూనివర్సిటీ మొట్టమొదట అమ్మిన సరుకు మేనేజ్‌మెంట్. ఎందుకు? అప్పటికి ఐఐఎంలు వచ్చి పాతికేళ్ళు దాటింది. కలకత్తా, అహ్మదాబాద్ రెండూ 1961లో పెట్టినవే. వాటి సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బ్యాంకుల్లో, ప్రభుత్వ సంస్థల్లో చేరిన వేలమందికి పైకి పోవాలంటే ఆ అక్షరాలు కావాలి. వీళ్ళలో రిజర్వేషన్ మీద క్లర్కులుగా చేరిన మన మొదటి తరం కూడా ఉంది. ఉద్యోగం ఇచ్చిన సంస్థ, ఆఫీసర్ కుర్చీ దగ్గర 'మేనేజ్‌మెంట్ క్వాలిఫికేషన్ ఏది?' అని అడిగింది. కాబట్టి ఇగ్నో మేనేజ్‌మెంట్‌తో మొదలుపెట్టడం తప్పని నేననను. ఆ చదువులో మనవాళ్ళకు దక్కింది ఉంది. కానీ అక్కడే ఇంకోటి కూడా బయటపడింది. ఫీజు కట్టగలిగిన జీతగాళ్ళు ఇంతమంది ఉన్నారని బజారుకు తెలిసిపోయింది.

1990ల చివర, 2000ల మొదట్లో మన పట్నాల్లో తిరిగినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. జిరాక్స్ షాపు, పైన బోర్డు, బోర్డు మీద ఎక్కడో మూడు రాష్ట్రాల అవతలి యూనివర్సిటీ పేరు. లోపల ఒక టేబులు, ఒక కుర్చీ, గోడకు సరస్వతి పటం. దాన్నే స్టడీ సెంటర్ అన్నారు. బీబీఏ, ఎంబీఏ, ఎంసీఏ, ఏది కావాలంటే అది. ఛత్తీస్‌గఢ్‌లో 2002 చట్టం పట్టుకుని వందకు పైగా ప్రైవేటు యూనివర్సిటీలు పుట్టుకొచ్చాయి, కొన్నింటికి గది కూడా లేదు. ప్రొఫెసర్ యశ్‌పాల్ కోర్టుకు పోతే 2005లో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని ఆ భాగాన్ని కొట్టేసింది. దూరవిద్యను చూసుకోవడానికి ఇగ్నో కిందే 1991లో పెట్టిన మండలిని 2013లో ఎత్తేసి, పని యూజీసీకి అప్పజెప్పారు.

ఇంకా పెద్ద దెబ్బ 2017 నవంబర్ 3న పడింది. ఒడిశా లిఫ్ట్ ఇరిగేషన్ కేసు. నాలుగు డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజినీరింగ్ డిగ్రీలు ఇచ్చాయి. 2001 నుంచి 2005 మధ్య చేరినవాళ్ళ డిగ్రీలను సుప్రీంకోర్టు సస్పెండ్ చేసి, మళ్ళీ పరీక్ష రాసి పాసైతేనే చెల్లుతాయంది. ఆ తర్వాత చేరినవాళ్ళవి రద్దు. కట్టిన ఫీజు తిరిగి ఇవ్వమని కూడా కోర్టు చెప్పింది. ఫీజు సరే, ఆ డిగ్రీ మీద ప్రమోషన్ తెచ్చుకుని పదేళ్ళు పనిచేసినవాడి పదేళ్ళ సంగతి ఏమిటి? అది ఇంజినీరింగ్ కేసు, ఎంబీఏకు సంబంధం లేదనుకోకండి. మోసం యూనివర్సిటీది, అనుమతి చూడకుండా కళ్ళు మూసుకున్నది పైవాళ్ళు, మెమో అందుకున్నది మాత్రం ఉద్యోగి. దూరవిద్యలో ఏ గొడవ వచ్చినా ఈ వరస మారదు.

ఆన్‌లైన్ కథ ఇక్కడి నుంచి వేగంగా నడిచింది కాబట్టి నేనూ వేగంగా చెప్తాను. పూర్తి డిగ్రీని ఇంటర్నెట్‌లో ఇవ్వొచ్చని యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. 2020 సెప్టెంబర్‌లో దూరవిద్యకూ ఆన్‌లైన్‌కూ కలిపి కొత్త నిబంధనలు వచ్చాయి. న్యాక్ స్కోరో, ర్యాంకో బాగున్న యూనివర్సిటీలకు తలుపులు బార్లా తెరిచారు. 2022 సెప్టెంబర్‌లో, గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ ప్రకటించింది. ఇది మనకు ఉపయోగపడే ఆయుధం, దాచుకోండి. ఉద్యోగ నోటిఫికేషన్‌లో ఎవడైనా దూరవిద్య చెల్లదంటే ఈ ప్రకటన చూపించాలి.

అదే 2022 జనవరిలో యూజీసీ ఇంకో హెచ్చరిక కూడా ఇచ్చింది. ఎడ్‌టెక్ కంపెనీలతో కలిసి యూనివర్సిటీలు డిగ్రీలు ఇస్తున్నట్టు ప్రకటనలు వస్తున్నాయి, ఫ్రాంచైజీ ఒప్పందాలు నిబంధనలకు విరుద్ధం అని. జిరాక్స్ షాపు పోలేదు మిత్రులారా. దానికి ఏసీ, హెడ్‌ఫోన్లు వచ్చాయి. చెల్లెలికి రోజూ ఫోన్ చేస్తున్న పిల్లవాడు కూడా, నాకు తెలిసినంతలో, టార్గెట్ కింద నలిగే మనలాంటి ఇంటి పిల్లవాడే అయ్యుంటాడు. వాడి మీద కోపం వద్దు.

తెర మీది చదువు అందరికీ ఒకటే అంటారు. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం పల్లెల్లో నూటికి నాలుగు ఇళ్ళలోనే కంప్యూటర్ ఉంది. ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న పల్లె ఇళ్ళు నూటికి పదిహేను. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఎక్సెల్ షీటు ఫోన్లో చేసి చూడండి, బ్యాలెన్స్ షీటు ఎడమ పక్క కనబడితే కుడి పక్క కనబడదు. ఇంట్లో నలుగురికి ఒక గది, ఆ గదిలోనే టీవీ, ఆ గదిలోనే వంట. స్టడీ సెంటర్‌కు పోయిన మా చిన్నాయనకు వారానికి ఒక పూట బల్ల, బోర్డు, ఫ్యాను, పక్కన కూర్చునే మనిషి దొరికారు. ఆన్‌లైన్ ఎంబీఏ చెల్లెలికి అవి కూడా ఉండవు.

డబ్బు సంగతి చూడండి. కేంద్రం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో కరస్పాండెన్స్ చదువులకు ఎస్సీ విద్యార్థులకు చోటు ఉంటూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను విద్యాదీవెన పేరుతో ఇచ్చినప్పుడు మాత్రం దూరవిద్యవాళ్ళకు వర్తించదని నిబంధనల్లోనే రాశారు. కాలేజీకి పోగలిగినవాడికి ఫీజు సర్కారు కడుతుంది. పనిచేస్తే తప్ప పొయ్యి వెలగనివాడు జీతంలోంచి కట్టుకోవాలి. ఈ లెక్క ఏ మేనేజ్‌మెంట్ పుస్తకంలోనూ దొరకదు.

సరే, అన్నీ దాటుకుని డిగ్రీ చేతికొచ్చింది. అప్పుడు? సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ఒక పరిశోధన అచ్చు వేశారు. ప్రైవేటు కంపెనీల ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. దళితుడని తెలిసే పేరుకు పిలుపు వచ్చే అవకాశం సవర్ణ పేరుతో పోలిస్తే మూడింట రెండొంతులే. ఇంకా పైకి చూస్తే, 2012లో వెయ్యి పెద్ద కంపెనీల డైరెక్టర్ల కులాలు లెక్కపెట్టిన అధ్యయనంలో తొమ్మిది వేల పైచిలుకు మందిలో సుమారు 93 శాతం అగ్రకులాలవాళ్ళు. ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతం. అప్పట్లో బొంబాయి సలహాల కంపెనీకి జరిగింది ఇప్పుడు శాతాల్లో కనబడుతోంది.

నిజం చెప్పాలంటే ఎంబీఏ అనే వస్తువులో పాఠం సగం కన్నా తక్కువ. పాత ఐఐఎం మనిషి పాతికేళ్ళ తర్వాత ఫోన్ చేసి ఉద్యోగం ఇప్పించగలిగేది మార్కెటింగ్ పాఠం గుర్తుండి కాదు, హాస్టల్లో పక్క గదివాడు గుర్తుండి. మనకు తాత ఇచ్చిన దుకాణం లేదు, మేనమామ ఇచ్చిన పెట్టుబడి లేదు. పరిచయాలన్నా కాలేజీలో దొరకాలి. ఆన్‌లైన్ డిగ్రీ పాఠాన్ని ఇంటికి పంపి పరిచయాల్ని కాలేజీలోనే ఉంచేసుకుంటుంది.

ఇంకోటి, ఉద్యమంలో ఉన్నవాళ్ళు ఇది ముఖ్యంగా ఆలోచించాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ 1993లో పుట్టింది. మెస్‌లో, హాస్టల్లో, గేటు దగ్గర టీ బండి పక్కన పుట్టింది. వెలివాడ గుడారం 2016లో షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర వేశారంటే అక్కడ మనుషులు ఉన్నారు కాబట్టి. లాగిన్ అయ్యేవాళ్ళకు గేటు లేదు, గేటు లేనిచోట ధర్నా లేదు. ఫీజు పెంచితే ఎవరితో కలిసి అడగాలో ఆన్‌లైన్ విద్యార్థికి తెలియదు, పక్కవాడి ఫోన్ నంబరు కూడా ఉండదు. రెగ్యులర్ సీట్లు పెంచకుండా, హాస్టళ్ళు కట్టకుండా, 'మీకు ఆన్‌లైన్ ఉంది కదా' అనే రోజు వస్తే మనం దేన్ని పోగొట్టుకుంటామో ఇప్పుడే లెక్క వేసుకోవాలి. టీ హోటల్లో రెండో గ్లాసు కూడా ఒకప్పుడు 'మీకు గ్లాసు ఉంది కదా' అనే పెట్టారు.

అయితే ఇదంతా చెప్పి ఆ చెల్లెలికి 'చదవొద్దు' అనే హక్కు నాకు లేదు. క్యాంపస్‌లో ఆరేళ్ళు ఉన్నవాళ్ళం, పన్నెండు గంటలు గోడౌన్‌లో నిలబడే అమ్మాయికి క్యాంపస్ గొప్పతనం చెప్పడం సిగ్గుమాలిన పని. ఆమెకు సూపర్‌వైజర్ పోస్టుకు పీజీ అడుగుతున్నారు. అది నిజమైన అవసరం. అందుకని వారం తర్వాత ఫోన్ చేసి మూడు పనులు చెప్పాను. ఒకటి, ఆ యూనివర్సిటీకి ఈ సంవత్సరం, ఈ కోర్సుకు, ఆన్‌లైన్‌లో అనుమతి ఉందో లేదో యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో జాబితాలో స్వయంగా చూడు, వాళ్ళు పంపిన స్క్రీన్‌షాట్ నమ్మకు. ఇప్పుడు చేరేముందు డెబ్ ఐడీ అని విద్యార్థే తీసుకోవాలి. రెండు, డబ్బు ఎవరి అకౌంట్‌లోకి పోతుందో అడుగు. మూడు, ఇగ్నోలో ఎంబీఏ మొత్తానికి అరవై వేల పైచిలుకు అవుతుంది, రెండేళ్ళలో సెమిస్టర్ల వారీగా కట్టొచ్చు. మన అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో కూడా ఎంబీఏ ఉంది. రెండూ పోల్చుకుని చూడు.

రెండు రోజులకు మళ్ళీ మెసేజీ వచ్చింది. "యూనివర్సిటీ పేరు లిస్టులో ఉందన్నా. కానీ కట్టమన్న అకౌంట్ యూనివర్సిటీది కాదు, ఏదో ఫైనాన్స్ కంపెనీది. నా పేరు మీద లోన్ అంట. వాళ్ళు నాకు ఈఎంఐ అనే చెప్పారు, లోన్ అని చెప్పలే." అంటే క్లాసు మొదలుకాక ముందే లక్షా అరవై వేల అప్పు. మధ్యలో చదువు మానేసినా కట్టాల్సిన అప్పు. కరణం లేడు, షావుకారు లేడు, వేలిముద్ర బదులు ఓటీపీ.

ఓటీపీ చెప్పలేదు తను. ఇగ్నో తర్వాతి సెషన్‌కు దరఖాస్తు చేస్తానంది. చదువుకోవడానికి ఆదివారం పూట ఎక్కడైనా చోటు దొరుకుతుందా అని అడిగింది. వాళ్ళ కాలనీలో అంబేద్కర్ సంఘం గది ఒకటి ఉంది, జయంతికి తప్ప తాళం తీయరు. సంఘం పెద్దాయనతో మాట్లాడాను. తాళంచెవి ఇస్తానన్నాడు, కరెంటు బిల్లు ఎవరు కడతారని అడిగాడు. మేడ్చల్ వైపు ఉన్నవాళ్ళు, పాత ల్యాప్‌టాప్ ఇవ్వగలిగినవాళ్ళు, కాస్ట్ అకౌంటింగ్ తెలుగులో చెప్పగలిగినవాళ్ళు ఇన్‌బాక్స్‌లోకి రండి. ఇప్పటికి చదివేవాళ్ళు ముగ్గురున్నారు.

వచ్చే భాగంలో స్కాలర్‌షిప్పులు, ఈసారి తప్పదు.